బార్నబీ తెచ్చిన మూత

"ముందు దీన్ని చూడండి. చూశాక అప్పుడు చెప్పండి, బార్నబీ కట్‌బుష్ కోతలు కోస్తాడో లేదో!"

అంటూ వచ్చాడు వాడు ఆ వానలో, వెనక తలుపైనా వెయ్యకుండా. వస్తూనే ఏవిసక్క బీరు కొట్టులో, మేం కూర్చున్న బల్ల మీద ఓ చెక్కమూత ఠపీమని పెట్టాడు. అరచెయ్యంత ఉంది, గుండ్రంగా. నడుమ పట్టుకోడానికి తోలుపట్టీ. దెబ్బలు తిని తిని అంచులు నల్లబడి ఉన్నాయి.

మేం ముంతలు వెనక్కి లాక్కున్నాం. ఎందుకంటే ఎన్నాళ్లగానో బీడు వైపు నుంచి ఆ చప్పుడు వింటున్నాం. టక్ టక్ టక్. చెక్కగిన్నె మీద చెక్కమూత. పెద్దరోగం, అదే కుష్టు, వచ్చినవాళ్లు అలా కొట్టుకుంటూ తిరుగుతారు, వస్తున్నాను తప్పుకోండి అని, తప్పుకుంటూనే గిన్నెలో ఏదైనా పడెయ్యండి అని. ఈ రోజుల్లో ఆ రోగం ఎక్కడుంది, ఆ వేషం కట్టిన దొంగ బిచ్చగాళ్లే గానీ అనేవాళ్లు కొందరు. ఒక్కడు మిగిలున్నా చాలదా మన కొంప ముంచడానికి అనేవాళ్లు కొందరు. ఏదీ తేల్చుకోలేక పిల్లల్ని గడప దాటనివ్వకుండా, చర్చి గేటు దగ్గర రాయి మీద రొట్టెముక్క పెట్టేసి వెనక్కి చూడకుండా పరిగెత్తుకొచ్చేవాళ్లం. రెండ్రోజుల్నుంచి మాత్రం ఆ చప్పుడు లేదు.

"వాడిదేనా ఇది?" అన్నాడు టోబియాస్ తాత.

"వాడిదే. వాడి చేతిలోంచి పీక్కొచ్చా. ఇక ఈ బ్రాక్‌డెన్ పొలిమేరల్లోకి రమ్మన్నా రాడు."

మూత చేతులు మారింది. తాత వాసన చూసి, ఎల్మ్ చెక్కే అన్నాడు. నేను వేలిముడుకుతో కొట్టాను, టక్‌మంది. అందరం ఉలిక్కిపడి, ఉలిక్కిపడ్డందుకు నవ్వుకున్నాం. పిండిమర జెంకిన్ ఆ మూత తీసుకుని తన ముంత మీద బోర్లించుకున్నాడు, పైకప్పు కారి బీరంతా పలచబడిపోతోందని. తాగడం, మళ్లీ మూత పెట్టడం, మళ్లీ తాగడం. నెల తిరగని పసిగుడ్డుకి తండ్రి వాడు, ఇంట్లో నిద్రలేక ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. ఏవిసక్క ఒక్కతే జున్ను కోస్తూ తలెత్తి చూసింది గానీ దాన్ని ముట్టుకోలేదు.

"దొంగేనా మరి?" అంది. "రూఢిగా దొంగేనా?"

"దొంగా? అక్కా, దొంగల్లో దొర వాడు! విను. ఈ ఏడు ఊరి కానిస్టేబుల్ పని నా నెత్తిన పడిందా? పడింది. మీలో ఒక్కడైనా నాకొద్దంటే నాకొద్దనకుండా ఉన్నాడా? లేడు. సరేలెమ్మని ఆ కర్ర పుచ్చుకుని బీడు మీదికి బయల్దేరా. ఒక్కణ్ణే. పట్టపగలే అనుకో, కానీ ఆ మంచులో పగలో పాడో, నా కాళ్లు నాకే కనపడట్లేదు. అప్పుడు మొదలైందయ్యా. టక్ టక్. ఎడమవైపు. ఆగా. ఆగితే అదీ ఆగింది. అడుగేశా. టక్. ఈసారి కుడివైపు. నేనేస్తే అదేస్తుంది, నేనాపితే అదాపుతుంది. నా వీపు మీదే ఎవడో వేళ్లతో కొడుతున్నట్టుంది. ఇంకోడైతే అక్కడే లాగు తడుపుకునేవాడు."

"నువ్వు తడుపుకోలేదేం?" అన్నాడు జెంకిన్.

"తడిసింది, మంచుకి. అడ్డు రాకు. అలా పోగా పోగా ముళ్లపొద కింద కనపడ్డాడు. కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. ఆ కాళ్లు చూడాలి మీరు! మోకాళ్ల దగ్గర్నుంచి కిందికి ఒకటే పుండు, ఎర్రగా పచ్చిగా. ఒక్క క్షణం నా ప్రాణం జిల్లార్చుకుపోయింది, అబద్ధమెందుకు ఆడాలి? కానీ నేనెవణ్ణి? గుర్రాల జీన్లు కుట్టేవాణ్ణి, తోలు సంగతి నాకు తెలీదూ? కాలవగట్టున పచ్చపూలు పూస్తుందే ఆకు, దాన్ని ఉప్పేసి నూరి కట్టుకుంటే పొద్దుటికల్లా పొక్కులు లేచి చర్మం ఊడొస్తుంది. మీద ఇంత ఎలకలమందు చల్లుకుంటే, ఇహ కన్నతల్లి కూడా దగ్గరికి రాదు. దొంగ బిచ్చగాళ్లంతా చేసేదదే. ఆ ఆకు వాసన నేను రెండు పొలాల అవతల్నుంచే పసిగట్టా."

"నీకు జలుబు చేసి వారమైంది కదరా," అన్నాడు తాత.

"జలుబు చేసినప్పుడే నా ముక్కు బాగా పనిచేస్తుంది తాతా. నీకు తెలీదు. సరే, దగ్గరికెళ్లా. 'లేవరా' అన్నా. లేవలా. 'నీ గుట్టు నాకు తెలుసురా, లే' అన్నా. ఊహూ. అప్పుడు నడుముకున్న ఆరె తీశా. తోలు కుట్టే ఆరె, ఇదిగో, ఇంత పొడుగు. తీసి వాడి పాదంలో దింపా. పిడిదాకా. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు! అదీ వాడి గుండె. రెప్ప కొట్టలేదు. నా మొహంలోకి చూస్తూ రొట్టె నములుతున్నాడు, మీరు రాయి మీద పెట్టిన రొట్టే. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి చలిమంటలోంచే ఓ నిప్పుకణిక తీసి మోకాలి మీద పెట్టా. పొగొచ్చింది. కమురు కంపొచ్చింది. వాడు నవ్వాడు! అరిస్తే దొరికిపోతానని అంత పట్టుదల. ఎంత ఆరితేరిన దొంగ కాకపోతే అలా కూర్చోగలడు చెప్పండి?"

మేం నోళ్లు వెళ్లబెట్టుకుని వింటున్నాం. జున్ను కోస్తున్న ఏవిసక్క చెయ్యి ఆగిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేచాడు. లేస్తూనే ఉన్నాడు. మన చర్చి గోపురం ఉందే, దాని మీది కోడిబొమ్మని ముద్దుపెట్టుకోవచ్చు, అంత పొడుగు. నేను కర్రతో కాళ్ల మీద కొట్టా. కొడితే ఆ పుండ్లన్నీ ఊడిపడి, కాకుల్లా లేచి ఎగిరిపోయాయి. కింద చర్మం చూస్తే పసిపిల్లాడి బుగ్గలా నున్నగా! 'దొరికావురా' అన్నా. వాడేం చేశాడు? గిన్నె మీద మూత పెట్టి మూడుసార్లు కొట్టాడు. అంతే, ప్రతి పొదలోంచీ జవాబు. టక్. టక్. టక్. బీడంతా. మంచులోంచి ఒక్కొక్కడే లేచొస్తున్నాడు. దొంగ బిచ్చానికి శిక్షగా, రాణిగారి చట్టం ప్రకారం కాల్చిన ఇనపకడ్డీతో చెవికి కన్నం పొడిపించుకున్నవాళ్లే అందరూ. ఆ చెవి కన్నాల్లోంచి గాలి దూరి ఈలలు వేస్తోంది. మాటా లేదు పలుకూ లేదు. టకటకలు, ఆ ఈలలు. ఇప్పుడు తల్చుకున్నా, ఇదిగో పియర్స్, నా చెయ్యి చూడు, వెంట్రుకలు ఎలా నిక్కబొడుచుకున్నాయో!"

చూశాను. నిజంగానే నిక్కబొడుచుకున్నాయి. నావీ అలాగే ఉన్నాయి.

"నన్ను ఎత్తుకెళ్లి బీడు అడుగున ఓ గుహలో పడేశారు. అక్కడ వాళ్ల రాజు. వాడు ముంతెడు బీరు తీసుకుని నా నెత్తిన పోశాడు. వాళ్లలో కలుపుకునే పద్ధతదే, నెత్తిన బీరు పోస్తే నువ్వు వాళ్లవాడివైపోయినట్టే, ఇక పెళ్లాం లేదు, ఊరు లేదు, ఆ గిన్నే నీ గతి."

"అయ్యో! నువ్వేం చేశావ్?"

"తల పైకెత్తి నోరు తెరిచా. ఒక్క చుక్క కింద పడితే ఒట్టు!"

జెంకిన్ పకపకా నవ్వి, మూత తీసి ఓ గుక్క తాగి మళ్లీ మూత పెట్టాడు.

"ఇక మిగిలింది నేనూ ఆ పొడుగోడూ. వాడి గిన్నె మూత మీద నా చాకు చెక్కపిడితో ఫెడీమని ఒక్కటిచ్చి, 'ఒరే క్లాపర్‌డడ్జన్!' అన్నా. అంతే, గుహ కూలిపోయింది. ఆ పేరు అంతకు ముందు లోకంలో లేదు. టకటకలాడే మూత క్లాపర్, చాకు చెక్కపిడి డడ్జన్. రెండూ కలిసి ఆ దెబ్బలో పుట్టిందయ్యా ఆ మాట. ఇవాళ లండన్‌లో చదువుకున్నవాళ్లు దొంగ బిచ్చగాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నారట, పుస్తకాల్లో కూడా వేస్తున్నారట. పుట్టింది ఎక్కడ? ఈ నోట్లో!"

"ఆ మాట మా నాన్న కూడా అనేవాడేరా," అన్నాడు టోబియాస్ తాత.

"మీ నాన్న నా దగ్గరే విని ఉంటాడు."

"మా నాన్న పోయిన ఎన్నేళ్లకో నువ్వు పుట్టావు."

"చూశారా, ఎంత దూరం పాకిందో ఆ మాట! మీరేమో నన్ను కోతలరాయుడంటారు. మొత్తానికి ఒక్కణ్ణీ వదల్లేదు, సముద్రం దాకా తరిమా. సముద్రం అడ్డొచ్చిందా, నా కేకకి అదే పక్కకి జరిగింది. ఈదుకుంటూ ఫ్రాన్సులో తేలారు. గాలి ఇటు తిరిగినప్పుడు చెవి పెట్టి వినండి, ఆ గట్టున గిన్నెలు టకటకలాడుతుంటాయి."

అందరం బల్ల చరిచి నవ్వాం. ఎన్నాళ్ల తర్వాతో ఆ నవ్వు. రేపు పిల్లల్ని బయటికి వదలొచ్చు, రాయి మీద రొట్టె పెట్టే పని లేదు. కోతలు కోస్తే కోశాడు గానీ మూత తెచ్చాడు కదా అనుకున్నాం.

ఏవిసక్క చాకు కింద పెట్టింది.

"బార్నబీ, ఆరె దింపినప్పుడు అరవలేదన్నావు."

"కిక్కురుమంటే ఒట్టు!"

"నిప్పు పెట్టినా?"

"నవ్వాడంటున్నా కదక్కా!"

"మా మేనత్తని ఊరవతల సత్రంలో ఉంచారు, నా చిన్నప్పుడు. పెద్దరోగం వచ్చి. పొయ్యి మీంచి కుండ ఉత్తచేతుల్తో దించేది. కమురు వాసన మాకొచ్చి, చెయ్యి తియ్యత్తా అని మేం అరవాలి. తనకి తెలిసేది కాదు. మమ్మల్ని చూసి నవ్వేది, ఎందుకే అరుస్తారని." ఏవిసక్క తన అరచేతులు చూసుకుంది. "ఆకుపసరుతో లేపిన పుండైతే దాని మీద ఈగ వాలినా ఊరు లేచిపోయేలా అరుస్తాడు. ఆరె దింపినా అరవనివాడు దొంగ కాదయ్యా."

జెంకిన్ తన ముంత వంక చూశాడు. మూత దాని మీదే ఉంది. వాడి మొహం పిండిలా పాలిపోయింది. నోట్లో ఉన్న గుక్క మింగలేడు, ఉమ్మలేడు. ఆఖరికి నేల మీద ఉమ్మేసి పెదాలు చొక్కాతో తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు. తాత ముక్కు రుద్దుకుంటున్నాడు. నేను నా వేలిముడుకుని లాగుకేసి ఎంత రాశానో, మంట పుట్టి రక్తం వచ్చింది. బార్నబీ పక్కన ఉన్నవాళ్లు ఎప్పుడు లేచారో లేచారు, అంత పొడుగు బల్ల మీద వాడొక్కడే కూర్చున్నాడు.

"మా తాత కళ్లారా చూశాడట," అన్నాడు టోబియాస్ తాత మెల్లిగా. "ముట్టుకున్నవాణ్ణి చర్చిలో నిలబెట్టి, బతికుండగానే చావుప్రార్థన చదివేసి, కాళ్ల మీద పారెడు మట్టి పోసి, చేతికి ఓ గిన్నె ఇచ్చి ఊరవతలికి పంపేసేవాళ్లట. పెళ్లాం పిల్లలు దూరంగా నిలబడి ఏడవడమే."

"అంటే, మరీ పిడిదాకా కాదనుకో," అన్నాడు బార్నబీ.

"ఎంతదాకా?"

"సగం."

"సగం దిగినా అరవాలి," అంది ఏవిసక్క.

"కొస. కొసే తగిలీ తగలనట్టు."

"తగిలిందా లేదా? సరిగ్గా చెప్పి చావు!" అని అరిచాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

వాడు మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. జెంకిన్ లేచి వాడి ముందుకొచ్చాడు. ఏడుస్తున్నాడు.

"బార్నబీ మామా, నేనిప్పుడు ఇంటికెళ్లి పిల్లాణ్ణి ఎత్తుకోవాలి. మా ఆవిడ ఒంట్లో బాగోక పడుకునుంది, వాణ్ణి ఎత్తుకునే దిక్కు నేనే. అబద్ధమని చెప్పు. జన్మలో నిన్ను ఎగతాళి చెయ్యను. అంతా కోతలేనని ఒక్క మాట చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా," అని వంగి, పట్టుకోబోయి, గుర్తొచ్చి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

బార్నబీ ఆ చేతుల వంక చూశాడు.

"కోతలే," అన్నాడు.

"ఏది? ఆరె సంగతా?"

"అంతా. ఆరె లేదు, నిప్పు లేదు, గుహా లేదు. బీడు దాకా వెళ్లిన మాట నిజం. ఆ టక్ మనే చప్పుడు వినపడగానే గోతిలో పడుకున్నా, గడ్డి కప్పుకుని. వాణ్ణి చూడనే లేదు. దొంగో నిజమో నాకేం తెలుసు! లేచి ఇంటికి పరిగెత్తా. లాగు తడిసింది మంచుకి కాదు. చాలా?"

"మరి ఈ మూత?"

"మూత..." అటూ ఇటూ చూశాడు. "మా ఆవిడ థామసిన్ ఉప్పుడబ్బా మూత! వంటింట్లోంచి ఎత్తుకొచ్చా. ఒట్టు. నా మీదొట్టు, మా థామసిన్ మీదొట్టు!"

ఎవడో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత అందరం. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. దరిద్రుడా, చచ్చినోడా, ఎంత భయపెట్టావురా అంటూ తాత వాడి వీపు మీద గుద్దాడు. వాడి అబద్ధాలకి అంత సంతోషించడం మా బతుకులో అదే మొదలు. జెంకిన్ వాడి రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. మూత తీసి నెత్తిన టోపీలా పెట్టుకుని, ఉప్పుగానే ఉందిరా అంటూ దాని అంచు నాకి కూడా చూపించాడు. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. బార్నబీ ఒక్కడే నవ్వలేదు. పొగడ్త లేదని చిన్నబుచ్చుకున్నాడనుకున్నాం.

"నీకో ముంత నా తరఫున," అంది ఏవిసక్క. పీపా దగ్గరికి వెళ్తూ మధ్యలో ఆగిపోయింది.

బయట్నుంచి చప్పుడు.

ఠప్... ఠప్... ఠప్.

"అది కాదులే," అన్నాను నేను. "అదైతే టక్ మంటుంది, చెక్క మీద చెక్క."

"ఇది చెక్క మీద రాయి," అన్నాడు తాత.

ఏవిసక్క తలుపు పై సగం కొంచెం తెరిచి చూసింది. ఆవిడ భుజం మీంచి నేనూ చూశాను. వాన పల్చబడింది. చర్చి గేటు దగ్గర రాయి పక్కన వాడు నిలబడి ఉన్నాడు, గోనె కప్పుకుని. చేతిలో చెక్కగిన్నె, దాన్నిండా వాననీళ్లు. ఓ గులకరాయితో దాని అంచు మీద కొడుతున్నాడు. కొట్టి ఆగి, ఒక్కో ఇంటి తలుపు వంకా చూసి, మళ్లీ కొడుతున్నాడు. గోనె కింద కాళ్లు కనపడుతున్నాయి గానీ, ఆ బురదలో అవి పుండ్లో కావో ఇంతదూరం నుంచి తెలిసేట్టు లేదు.

నేను వెనక్కి తిరిగాను. అందరూ బార్నబీనే చూస్తున్నారు. వాడు గోడకి అతుక్కుపోయాడు.

"మూత ఆ రాయి మీదే పెట్టి ఉంది," అన్నాడు, మాకు వినపడీ వినపడకుండా. "పక్కన ఎవడూ లేడనే తీశా."

జెంకిన్ నెత్తి మీది మూతని తియ్యడానికి చెయ్యెత్తాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఏవిసక్క తలుపు దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది:

"బార్నబీ, మీ ఆవిడ ఉప్పుడబ్బా గేటు దగ్గరికొచ్చి నిలబడిందయ్యా. మూత అడుగుతోంది."